పోయిన నాలుగు చదరపు మీటర్లు

ఆ పొద్దున అక్కయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పాలు కాగేలోపు ఒక లెక్క, కాగిన పాలు చల్లారేలోపు ఇంకొక లెక్క, డ్యూటీకి బయల్దేరేలోపు వీలైతే మరొకటి. పరీక్ష ఎల్లుండి. భిన్నాలు ఎప్పుడో లొంగిపోయాయి. శాతాలు కూడా ఈమధ్య చెప్పిన మాట వింటున్నాయి. దీర్ఘచతురస్రాలు మాత్రం అత్తారింటికి వెళ్లనని మొరాయించిన కొత్త పెళ్లికూతురిలా కదలకుండా కూర్చున్నాయి.

ఎవరికి అక్కయ్య అని అడక్కండి. ఆ మూడంతస్తుల ఇంట్లో అందరికీ అక్కయ్యే. ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తుంది కాబట్టి ఎవరికి ఒళ్లు వెచ్చబడినా, ఎవరి కాలు బెణికినా ముందు ఆమె తలుపే తడతారు. ఆమె అక్కయ్య అయ్యాక సిటీ బస్సు డ్రైవరైన ఆవిడ భర్త బావగారు కాక తప్పలేదు. తండ్రి వయసు వాళ్లు కూడా "బావగారూ" అని పిలుస్తుంటే మొదట్లో కాస్త ఇబ్బంది పడ్డాడు. ఇప్పుడు సొంత పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూడడు.

ఆసుపత్రి వాళ్లు ఏటా ఆయాల్లోంచి కొందరిని నర్సు శిక్షణకి తీసుకుంటారు. దానికొక అర్హత పరీక్ష ఉంది. ప్రశ్న కింద నాలుగు జవాబులిస్తారు, సరైనదాని పక్కన సున్నా దిద్దాలి. అక్కయ్య రెండుసార్లు రాసింది. రెండుసార్లూ లెక్కల్లోనే, అదీ వైశాల్యాల దగ్గరే, గుమ్మం దాకా వెళ్లి తల తగిలి వెనక్కి వచ్చింది. వయసు నిబంధన ప్రకారం మూడోసారి ఇదే ఆఖరు. ఈసారి పోతే జన్మలో మళ్లీ కూర్చోనివ్వరు.

"నువ్వు చెయ్యి పట్టుకుంటే పేషెంట్లు సూది పొడిచినా అరవరే. నర్సువి కావాల్సిన మనిషివి. ఆ లెక్కలేవో తేల్చుకుని రా" అని హెడ్ నర్సమ్మ తను చదువుకున్న రోజుల నాటి లెక్కల పుస్తకం తెచ్చిచ్చింది. ఇంతవరకు ఎవరూ తనకోసం ఒక పుస్తకం మోసుకొచ్చిన పాపాన పోలేదు. అక్కయ్య దానికి అట్ట వేసుకుని, చేతులు కడుక్కుంటే తప్ప ముట్టుకోకుండా చూసుకుంటోంది. అలాంటి పుస్తకం ఈ పొద్దున పదిహేడో లెక్క దగ్గర ఆమెను ఏడిపిస్తోంది.

"ఏమండీ, నాలుగు పోయిందండీ" అంది అక్కయ్య.

గడ్డం గీసుకుంటున్న బావగారు కత్తి చెంప మీదే ఆపాడు. "ఏం నాలుగు? ఎక్కడ పోయింది?"

"అది తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతాను? ఒక తోట ఉందండీ. ఆరు మీటర్ల పొడుగు, నాలుగు మీటర్ల వెడల్పు. దాని చుట్టూ బయట మీటరు వెడల్పున బాట వేశారట. బాట వైశాల్యం ఎంత అని. పొడుగు వైపు ఇటు ఆరు, అటు ఆరు, పన్నెండు. వెడల్పు వైపు ఇటు నాలుగు, అటు నాలుగు, ఎనిమిది. మొత్తం ఇరవై. ఎన్నిసార్లు చేసినా ఇరవయ్యే వస్తోంది. వెనక జవాబుల్లో చూస్తే ఇరవై నాలుగు అని ఉంది."

"పుస్తకం తప్పు."

"హెడ్ నర్సమ్మ గారి పుస్తకమండీ."

"ఆవిడ దగ్గరుండి అచ్చు వేయించిందా ఏంటి? కాగితం మీద గీస్తే ఏం తెలుస్తుందే? ఏ సందులో బస్సు పడుతుందో ఏ సందులో పడదో నేను కాగితం చూసి చెప్తున్నానా? నేల చూసి చెప్తున్నాను. పద కిందకి, గీసి చూపిస్తాను."

సగం గడ్డంతో, పనిముట్ల డబ్బాలోని టేపుతో, గూట్లో పడున్న సుద్దముక్కతో బావగారు మెట్లు దిగాడు. కింద గేటుకీ మెట్లకీ మధ్య సిమెంటు చేసిన పెద్ద ఆవరణ ఉంది. నడిమధ్యలో సిమెంటు పగిలి, వాన పడ్డప్పుడల్లా నీళ్లు నిలుస్తాయి. ఎండాకాలంలో అక్కడ పళ్ల డాక్టరు కారు నిలుస్తుంది. ఆ వేళకి డాక్టరు కారేసుకుని బయటికి వెళ్లాడు గనుక నేల ఖాళీగా ఉంది.

బావగారి చెయ్యి తిన్ననైన చెయ్యి. ఆరు మీటర్లు, నాలుగు మీటర్లు కొలిచి గీసి, లోపల పెద్ద అక్షరాలతో "తోట" అని రాశాడు. తర్వాత పొడుగు పక్కన సరిగ్గా ఆరు మీటర్ల పట్టీ, ఎదురుగా ఇంకొక ఆరు, వెడల్పు పక్కన నాలుగు, దానికెదురుగా ఇంకొక నాలుగు గీసి, ఒక్కొక్కదాని మీద "బాట", "బాట" అని రాసి కొలతలు కూడా వేశాడు. అక్కయ్య పట్టీల్లో నడుస్తూ లెక్కపెట్టింది. ఇరవై.

"చూశావా? నేల అబద్ధం చెప్పదు. పరీక్షలో వస్తే ఇరవై దిద్దేసి రా" అని మిగిలిన సగం గడ్డం గీసుకోవడానికి పైకెళ్లాడు. అక్కయ్యకు మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది గాని, పైన పాలు పొంగుతున్న వాసన వచ్చి పరుగెత్తింది. ఆ కంగారులో గీతలు చెరపడం ఇద్దరూ మర్చిపోయారు.

ఇక్కడ ఆ ఇంటి ఓనరు సంగతి ఒకటి చెప్పాలి. ఆయన వేరే ఊళ్లో ఉంటాడు. నోటీసులు అతికించడం, ఫోన్లు చేసి చెప్పడం ఆయనకి బొత్తిగా గిట్టవు. ఏదైనా పని చేయించాలనుకుంటే ఆయన మేస్త్రి తెల్లారే వచ్చి, నేల మీదో గోడ మీదో సుద్దతో గీసి, కొలతలు రాసి, ఎవరితోనూ పలక్కుండా వెళ్లిపోతాడు. మర్నాడో ఆ మర్నాడో పని మొదలవుతుంది. ఆ ఇంటికి నీళ్ల తొట్టి అలాగే వచ్చింది. మెట్ల పక్క కమ్మీ అలాగే వచ్చింది. పళ్ల డాక్టరు వెనక గది కిటికీ అలాగే పోయింది. అందుకని ఆ ఇంట్లో వాళ్లు సుద్దగీత కనబడితే దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళతారు.

సాయంత్రం అక్కయ్య డ్యూటీ నుంచి వచ్చేసరికి తన లెక్క చుట్టూ జనం మూగి ఉన్నారు. మధ్యలో అసోసియేషన్ సెక్రటరీ, రిటైరైనా ఆఫీసు వదలని మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని ఉపన్యాసమిస్తున్నాడు.

"తోట వస్తోంది. చుట్టూ నడవడానికి బాట. కొలతలతో సహా స్పష్టంగా ఉంది."

"మరి నా కారు?" అన్నాడు పళ్ల డాక్టరు. ఆయన కారు గేటు బయట ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"గోడవారకి పెట్టుకోవాలి. ఓనరు గారు నాతో ఫోన్లో అన్నారు లెండి."

ఓనరు ఆయనతో ఫోన్లో మాట్లాడి ఏడాది దాటింది. ఆ మాట్లాడింది కూడా పొరపాటున కలిసిన నంబరు. కానీ ఆ ఇంట్లో ఏం జరిగినా తనకి ముందే తెలియకపోతే సెక్రటరీకి అన్నం సయించదు. అక్కయ్య ముందుకొచ్చింది.

"సెక్రటరీ గారూ, ఆ గీతలు..."

"అదే చెప్తున్నానమ్మా. నెల్లాళ్ల క్రితమే అనుకున్నాం నేనూ ఆయనా."

ఇప్పుడు నిజం చెబితే అంత పెద్దాయన్ని నలుగురిలో అబద్ధాలకోరుని చేసినట్టవుతుంది. సరే, పక్కకి పిలిచి చెబుదామనుకునేలోపు రెండో అంతస్తు పిన్నిగారు వచ్చి అక్కయ్య చెయ్యి పట్టుకుంది. ఆవిడ కుండీల్లో గులాబీలు పెంచుతుంది. వాటికి వరండాలో ఎండ తగలదు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు తగ్గవు.

"నా జన్మకి కుండీలే రాసిపెట్టి ఉన్నాయనుకున్నానే తల్లీ. మట్టిలో మొక్క నాటి ఎన్నేళ్లయిందో. ఆ ఓనరు కడుపు చల్లగా ఉండాలి" అంది పిన్నిగారు. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

అంతే. అక్కయ్య నోటికి తాళం పడింది. తలూపి, మెట్లెక్కి వచ్చి మంచం మీద కూలబడింది. బావగారు రాగానే చెప్పింది.

"ఇదా నీ బెంగ? రేపు తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచేస్తాను. మేస్త్రి మనసు మార్చుకున్నాడనుకుంటారు" అన్నాడాయన. ఇంత తేలిగ్గా తీసేసే మనిషి దొరికినందుకు ఆమె ఆ పూటకి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. తొందరపడింది.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగగానే బావగారు బకెట్టుతో, తడిగుడ్డతో ఆవరణలోకి దిగాడు. మొదటి గీత మీద గుడ్డ ఆనించాడో లేదో వెనక నుంచి సెక్రటరీ గొంతు వినిపించింది.

"భలే పనిచేస్తున్నారు బావగారూ. దుమ్ము తుడుస్తున్నారా? నేనూ అదే అనుకుంటున్నాను, సుద్ద చెరిగిపోతోంది. మేస్త్రి వచ్చేసరికి గీతలు లేకపోతే పని వెనక్కి పోతుంది. ఇదిగో, మా గేటుకి వేయగా మిగిలిన తెల్ల రంగు. మీ చెయ్యి తిన్ననిది. పైన ఒకసారి లాగించండి."

"నేనా?" అన్నాడు బావగారు.

"ఇంత చక్కటి గీత ఈ ఇంట్లో ఇంకెవరు లాగగలరండీ?"

బావగారికి ఒక బలహీనత ఉంది. ఎవరైనా పొగిడితే ఆ పని పూర్తిచేసేదాకా ఆగలేడు. అక్కయ్య ఇంటికొచ్చేసరికి సుద్ద తోట కాస్తా రంగు తోట అయి కూర్చుంది. "బాట" అన్న అక్షరాలకి కింద నీడ కూడా వేశాడు.

"తుడిచి రమ్మంటే రంగులేసి వచ్చారా?"

"మధ్యలో ఎలా ఆపనే? పెద్దాయన నిలబడి చూస్తున్నాడు" అన్నాడు బావగారు, గోళ్లలో రంగు గీక్కుంటూ.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. రంగు పడ్డాక అందరి కళ్లూ ఒక విషయం మీద పడ్డాయి. తోట ఓనరుది. బాట అందరిదీ. కానీ నాలుగు పట్టీలూ ఎక్కడికక్కడ ఆగిపోయాయి గనుక, పట్టీకీ పట్టీకీ మధ్య మూలల్లో మీటరు పొడుగు, మీటరు వెడల్పున నాలుగు చదరాలు ఎవరి పేరూ లేకుండా మిగిలాయి. అటు తోటా కాదు, ఇటు బాటా కాదు.

"ఈ మూల ఎండొస్తుంది. నా గులాబీలకి సరిగ్గా సరిపోతుంది" అని పిన్నిగారు ముందుగా ఒక కుండీ పెట్టించింది. అది చూసి సెక్రటరీ గేటు వైపు మూలలో కుర్చీ వేయించుకున్నాడు, వచ్చే పోయే వాళ్లని చూడటానికి. మొదటి అంతస్తు టైలరు ఒక్క ముక్క మాట్లాడకుండా మిషను దింపించి మూడో మూలలో పెట్టేశాడు. అడిగితే "వెలుతురు" అన్నాడు. ఆయన రోజుకి ఆడే మాటల్లో అది సగం.

"అన్యాయంగా పోయింది నా జాగా. నాలుగో మూల నాది" అని పళ్ల డాక్టరు కారు తెచ్చి, ముక్కు ఆ మూలలో ఆనించి, తోక వెనక గోడకి తగిలేలా నిలబెట్టాడు.

"మీటరు చదరంలో కారు పెడతారా?" అన్నాడు సెక్రటరీ.

"కారు కాదు సార్, కారు ముక్కు. హక్కుకి ముక్కు చాలు."

ఆ సాయంత్రమంతా కిటికీలోంచి గొడవ వినబడుతూనే ఉంది. అక్కయ్య పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది గాని, పదిహేడో లెక్క తెరవగానే కింద ఎవరో ఒకరు "నా మూల" అంటున్నారు. ఆఖరి చదువు సాయంత్రం అలా ఆరిపోయింది. తనకి చేతకాని లెక్క కోసం ఇంటిల్లిపాదినీ కొట్టుకునేలా చేశానే అని ఏడుపొచ్చింది. బావగారు పక్కన కూర్చుని ఆమెకి కాళ్లు నొక్కాడు. ఆయన చేతులకింకా రంగు వాసన వస్తోంది.

పరీక్ష పొద్దున బావగారు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్కూటరు తాళం తీసుకుని ముందు దిగాడు. పరీక్ష కేంద్రం ఊరికి ఆ చివర ఉంది. అటువైపు బస్సులు నమ్ముకుంటే ఏమవుతుందో బస్సు నడిపే ఆయనకి వేరే చెప్పాలా? దిగినవాడు దిగినట్టే ఆగిపోయాడు. స్కూటరు వెనక గోడ దగ్గర రేకుల కింద ఉంది. దానికి ఒకవైపు డాక్టరు కారు తోక. ఇంకోవైపు పిన్నిగారి కుండీలు. ఒక్కదానితో మొదలై, ఆ మూల ఎవరూ లాక్కోకుండా గోడ దాకా బారులు తీరాయి.

"డాక్టరు గారూ, కారు కాస్త వెనక్కి... ముందుకి... తియ్యండి. అర్జెంటు."

కార్లోనే కూర్చుని పేపరు చదువుకుంటున్న డాక్టరు అద్దం దించాడు. "మేస్త్రి ఈ పొద్దున వస్తాడట. ఇప్పుడు తీస్తే సెక్రటరీ గారి రెండో కుర్చీ ఇక్కడికొస్తుంది. ముందు ఆయన్ని లెమ్మనండి."

"నేను లేస్తే ఈ కుర్చీ కూడా పోతుంది. ముందు టైలరు మిషను తియ్యనివ్వండి" అన్నాడు కుర్చీలోంచి సెక్రటరీ.

టైలరు తల అడ్డంగా ఊపి కుట్టుకోసాగాడు. కుండీల మధ్య పీట వేసుకుని కూర్చున్న పిన్నిగారు, "నా మోకాళ్లతో ఇన్ని కుండీలు నేను జరపగలనా నాయనా?" అంది.

బావగారు నలుగురి చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కళ్లనీ బతిమాలుతున్నాడు. పాపం, గీతలు తొక్కకుండా తిరుగుతున్నాడు. ఆ సమయానికి అక్కయ్య, చేతిలో హాల్ టికెట్టుతో, మొదటి అంతస్తు మలుపు దగ్గరికి వచ్చి కిందకి చూసింది.

మలుపు మీంచి ఆవరణంతా పళ్లెంలో పెట్టినట్టు కనబడుతుంది. నడుమ తోట, ఖాళీగా. నాలుగు పక్కలా బాటలు, ఖాళీగా. నాలుగు మూలల్లో మాత్రం నలుగురు. కుండీల పిన్నిగారు ఒక మీటరు చదరం. కుర్చీ సెక్రటరీ ఒకటి. మిషను టైలరు ఒకటి. కారు ముక్కు డాక్టరు ఒకటి. అక్కయ్య వేలు పెట్టి ఒకసారి లెక్కపెట్టింది, మళ్లీ లెక్కపెట్టింది. బాట తోట చుట్టూ తిరగాలంటే మూలలో మలుపు తిరగాలిగదా. మూలలో నేల లేకుండా మనిషి ఎలా తిరుగుతాడు, ఎగురుతాడా? ఇరవైకి ఈ నలుగుర్నీ కలిపితే ఇరవై నాలుగు.

"ఏమండీ" అని అరిచింది, "నాలుగు దొరికిందండీ."

"ఇప్పుడా? స్కూటరు దొరికేలా లేదే ఇక్కడ" అన్నాడు బావగారు.

అక్కయ్య గబగబా మెట్లు దిగి, ఆ ఇంటికొచ్చాక మొదటిసారి గీతల్ని తొక్కుకుంటూ వెళ్లి తోట మధ్యలో నిలబడింది. ఇక దాచడానికి ఓపిక లేదు, టైము అసలే లేదు.

"నన్ను క్షమించండి. ఇది తోట కాదు. ఇది నా పదిహేడో లెక్క. పరీక్ష కోసం ఈయన నాకు గీసి చూపించారు, చెరపడం మర్చిపోయాం. మొన్ననే చెప్పాల్సింది, నోరు రాలేదు. పరీక్ష ఈ రోజే. నాకిదే ఆఖరిసారి. స్కూటరు తియ్యనిస్తే వెళతాను. వచ్చాక మీరు ఎన్ని తిట్టినా పడతాను."

మిషను చప్పుడు ఆగింది. డాక్టరు పేపరు మడిచాడు. అందరి కళ్లూ మెల్లగా, ఒకదాని వెనక ఒకటి, సెక్రటరీ వైపు తిరిగాయి. ఆయన మొహం ఆయన గేటు రంగులోకి మారింది.

అక్కయ్య చప్పున అందుకుంది. "సెక్రటరీ గారితో ఓనరు గారు అన్నది ఇంకేదో తోట గురించి అయ్యుంటుంది. పైగా ఈ గీతలు అచ్చం మేస్త్రి గీతల్లాగే ఉన్నాయి. ఎవరైనా పొరబడతారు."

సెక్రటరీ ఆమె వైపు చూసిన చూపులో ఉన్న కృతజ్ఞత అంతా ఇంతా కాదు. పిన్నిగారు మాత్రం ఆ పగిలిన సిమెంటు వైపే చూస్తోంది.

"అయితే తోట లేదన్నమాట" అంది. తర్వాత పీట మీంచి లేచింది, మోకాళ్ల సంగతి ఆవిడకే గుర్తులేనట్టుంది. "సరే, తోట సంగతి తర్వాత. నాకు జ్వరమొచ్చినప్పుడు నా పక్కన కూర్చున్న పిల్ల ఇది. ఎవరూ కదలరేం? కుండీలు తియ్యండి."

ఆ తర్వాత జరిగింది చూడవలసిందే. టైలరు, డాక్టరు, బావగారు, సెక్రటరీ ఒకరి చేతిలోంచి ఒకరు కుండీలు అందుకున్నారు. స్కూటరు బయటికి వచ్చింది గాని స్టార్టు కాలేదు. బావగారు తన్నీ తన్నీ ఆయాసపడుతుంటే డాక్టరు కారు తలుపు తీశాడు.

"ఎక్కండక్కయ్యా. నా క్లినిక్ కాస్త ఆలస్యంగా తెరిస్తే ఎవరి పళ్లూ ఊడవు. ఊడాల్సినవి ఎలాగూ నేనే పీకాలి."

సెక్రటరీ గేటు రెండు తలుపులూ బార్లా తెరిచి, రోడ్డు మధ్యలోకి వెళ్లి చెయ్యి అడ్డం పెట్టి అటూ ఇటూ బళ్లన్నీ ఆపేశాడు. అంత అధికారం ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా చూపించి ఉండడు. టైలరు పరుగున వచ్చి కిటికీలోంచి ఒక కొత్త పెన్ను అందించాడు. "సున్నాలకి" అన్నాడు.

దారి పొడుగునా వెనక సీట్లో బావగారు "ఎడమకి తియ్యండి, ఆ సందులో పడుతుంది" అంటూనే ఉన్నాడు. ముందు సీట్లో డాక్టరు "మీరు బస్సు నడుపుకోండి, కారు నన్ను నడపనివ్వండి" అంటూనే ఉన్నాడు. తిట్లు తినడానికి సిద్ధపడి దిగిన మనిషికి ఇంత మంచితనం ఒక్కసారిగా వచ్చి మీదపడితే తట్టుకోవడం కష్టం. వీళ్లందరూ నావాళ్లు, నాకింతమంది ఉన్నారు అనుకుంది అక్కయ్య. కళ్లు తుడుచుకుంది. "నోరు తెరిచి నెమ్మదిగా గాలి పీల్చుకోండి" అన్నాడు డాక్టరు, అలవాటు ప్రకారం.

పరీక్ష కేంద్రం గేటు మూసే వేళకి ఆఖరి మనిషిగా లోపలికి వెళ్లింది. భిన్నాలు పెద్దగా పెనుగులాడలేదు, శాతాలు మాట తప్పలేదు. చివరి పేజీ తిప్పేసరికి అది కూర్చుని ఉంది. ఈతకొలను. పది మీటర్ల పొడుగు, ఐదు మీటర్ల వెడల్పు, చుట్టూ బయట రెండు మీటర్ల వెడల్పున బాట. బాట వైశాల్యం ఎంత? జవాబుల్లో మొట్టమొదట అరవై ఉంది, దా దా అని పిలుస్తున్నట్టు.

అక్కయ్య కళ్లు మూసుకుంది. పొడుగు వైపు పట్టీ ఇరవై, ఎదురుగా ఇరవై. వెడల్పు వైపు పది, ఎదురుగా పది. అరవై. ఇప్పుడు మూలలు. పిన్నిగారూ, ఇక్కడ కూర్చోండి. సెక్రటరీ గారూ, మీరు గేటు వైపు. టైలరు అన్నయ్యా, వెలుతురు ఉన్నచోట. డాక్టరు గారూ, ఈసారి మూలలు పెద్దవి, కారు ముక్కుతో పాటు చెంపలు కూడా పడతాయి. ఒక్కో మూల రెండు రెళ్లు నాలుగు. నాలుగు నాలుగులు పదహారు. అరవైకి పదహారు కలిపితే డెబ్బై ఆరు. బయటి దీర్ఘచతురస్రమంతా కట్టి, అందులోంచి కొలను తీసేసి మళ్లీ చూసుకుంది. డెబ్బై ఆరే. టైలరు పెన్నుతో దాని పక్కన సున్నా నిండుగా, పిన్నిగారి గులాబీ అంత గుండ్రంగా దిద్దింది.

వారం తిరక్కుండానే ఓనరు మేస్త్రితో సహా దిగాడు. ఆవరణలో తెల్లరంగు తోట చూసి గేటు దగ్గరే ఆగాడు. సెక్రటరీ ఈసారి ఫోను ఊసెత్తకుండా జరిగింది జరిగినట్టు చెప్పి, నిజంగానే తోట వేయించమని అందరి తరఫునా అడిగాడు. ఓనరు పగిలిన సిమెంటుని చెప్పుతో తట్టి చూశాడు.

"ఇది ఎలాగూ పగలగొట్టాల్సిందే. ఇన్నేళ్లలో మీరంతా కలిసి ఒకటి అడగడం ఇదే మొదటిసారి. వేసుకోండి తోట. బాటకి రాళ్లు నేనే వేయిస్తాను" అన్నాడు. పిన్నిగారు అక్కడికక్కడే ఆయన్ని నిండు నూరేళ్లు బతకమంది. బాటకి ఎంత రాయి కావాలో మేస్త్రి ఎవరినో అడిగి తెలుసుకుని వెళ్లాడు. ఆ పూట అక్కయ్య డ్యూటీలో ఉంది.

ఫలితాలొచ్చిన రోజు అక్కయ్య ముందు హెడ్ నర్సమ్మ దగ్గరికి వెళ్లి, అట్టతో సహా పుస్తకం చేతిలో పెట్టి, ఆవిడ చెయ్యి కళ్లకద్దుకుంది. "వచ్చే నెల నుంచి నన్ను మేడమ్ అనకు, సిస్టర్ అను" అంది ఆవిడ. ఇంటికొచ్చి పిన్నిగారికి, సెక్రటరీకి, టైలరుకి, డాక్టరుకి వరసగా చెప్పింది. "మీరు మూలల్లో కూర్చోకపోతే నేను ఈ జన్మకి నర్సుని అయ్యేదాన్ని కాదు" అంది. నలుగురూ అంత మాటెందుకమ్మా అన్నారు గాని, నలుగురూ కాస్త ఎత్తు పెరిగారు. టైలరు ఆమె తెల్ల కోటు తనే కుడతానని ఏకంగా ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు.

మెట్ల మలుపు మీంచి కిందకి చూస్తే తోటలో మట్టి పోశారు. పిన్నిగారి మొదటి గులాబీ అప్పటికే నాటారు. మేస్త్రి ఆఖరి రాయి అమర్చి చేతులు కడుక్కుంటున్నాడు. బాట నాలుగు పక్కలా నున్నగా, తిన్నగా ఉంది. నాలుగు మూలల్లో మాత్రం రాయి లేదు, మట్టే ఉంది. పిన్నిగారు ఒక మూలలో అప్పుడే కుండీ సర్దుతోంది. గేటు వైపు మూలలోకి కుర్చీ వచ్చేసింది.

"మూలలు వదిలేశారేం?" అని అడిగింది అక్కయ్య.

"రాళ్లు సరిపోలేదమ్మా. ఇరవై చదరపు మీటర్లన్నారు, ఇరవైకే తెచ్చాను."

"ఎవరన్నారు?"

బావగారు ఆ రోజు డ్యూటీకి గంట ముందే వెళ్లిపోయాడు.